పాట కట్టింది నేను కాదు

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగి కృశించి బతికానని అనుకోకండి. ఉద్యోగం చేశాను, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాను, రిటైరయ్యాను, మోకాలికి ఆపరేషన్ కూడా చేయించుకున్నాను. అన్నం సహించని రోజంటూ పెద్దగా లేదు. కానీ ఎక్కడైనా పెళ్లి బ్యాండు వాళ్లు ఆ పాట ఎత్తుకుంటే మాత్రం అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపించేది. పక్కనున్నవాళ్లు "మీ పాటేనండీ" అని మోచేత్తో పొడిచేవారు. నేను సిగ్గుపడుతున్నట్టు నవ్వేదాన్ని. నిజంగానే సిగ్గుపడుతున్నానని వాళ్లకేం తెలుసు?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకి చెబితే సగంలోనే ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు వద్దు. చివరిదాకా వినండి, చాలు.

"ఒక్క స్టేషనే తల్లీ" అనే పాట మీరు వినే ఉంటారు. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు కారెక్కబోతుంటే, తల్లి కొంగు నోట్లో కుక్కుకుంటుంటే, మైకులో వచ్చే పాట. దాని క్యాసెట్ అట్ట మీద "రచన, గానం" అని నా పేరుంటుంది. గానం నాదే. రచన నాది కాదు. ఈ మూడు ముక్కలు రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది.

పాట సత్తెమ్మది. మా ఇంట్లో పాలు పోసే సత్తెమ్మది.

మాది గుంటూరు వైపు. పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాం. తర్వాత నాకూ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ఉప్పుగూడ స్టేషనుకు దగ్గర్లో ఒక ఇంటి పైభాగంలో అద్దెకుండేవాళ్లం. ఆదివారాలు చుట్టుపక్కల పిల్లలకు హార్మోనియం ముందేసుకుని లలిత సంగీతం నేర్పేదాన్ని. అందుకని గల్లీలో అందరికీ నేను పంతులమ్మను. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కింద సత్తెమ్మ కొట్టం కనిపించేది. ఐదు బర్రెలు. తెల్లారకముందే పేడ ఎత్తి, గడ్డి వేసి, పాలు పిండి, వీధి వీధి తిరిగి పోసి వచ్చేది. సాయంత్రం మళ్లీ అంతా మొదటి నుంచి.

ఆమె పాలు పిండుతూ పాడేది. పాట వింటేనే బర్రె చేపుతుందట, అంటే పాలు దించుతుందట. కొడుకులు పిండితే కాలితో తన్నేవి. అందుకని ఆమెకు సెలవన్నది లేదు. పండగైనా, జ్వరమైనా, చావైనా, రెండు పూటలా ఆ కొట్టంలో ఉండాల్సిందే.

ఆమెకు ఒక్కతే కూతురు, అండాలు. ఆ పిల్లను యాకుత్‌పురాకు ఇచ్చారు. ఉప్పుగూడ తర్వాతి స్టేషన్ యాకుత్‌పురా. బండెక్కి సీటు దులుపుకుని కూర్చునేలోపే దిగాలనేవారు. అంత దగ్గర సంబంధం చేసినందుకు గల్లీలో అందరూ సత్తెమ్మను ఆట పట్టించారు, బిడ్డను పక్కింటికే పంపినవా అని. ఆమె కూడా నవ్వింది. తర్వాత కొన్నాళ్లకు చూస్తే, ఆమె కూతురింటికి పోయిందే లేదు. పోయినా గంట కూర్చుని, సాయంత్రం పాలకు వేళయిందని పరుగెత్తుకు రావడమే. ఒక్క పూట నిద్ర చేసింది లేదు. మధ్యాహ్నాలు బండి కూత వేస్తే చేతిలో పని ఆపి అటు చూసేది.

అప్పుడు మొదలైంది పాట. నేను కిటికీలోంచి విన్నాను. ఒక్క రోజులో వచ్చింది కాదు. వారాలు పట్టింది. ఈ రోజు ఒక మాట అనేది, రేపు దాన్ని మార్చేది. "ముడి నా చేతికి" అని నాలుగు రోజులు పాడింది. ఐదో రోజు "ముడి నా కాళ్లకు" అయింది. అయ్యాక ఆమే తలూపుకుంది. చారు మరుగుతున్నా పట్టించుకోకుండా నేను అక్కడే నిలబడి విన్నాను. పాట ఎవరు కట్టారో నాకు తెలిసినంత బాగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత నేనన్న మాటలు విన్నప్పుడు మీకు కావాలి.

ఒకరోజు రాసుకుంటాను పాడమంటే పైకొచ్చి గడప మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది, కాళ్లకు పేడ ఉందని. ఆమె పాడింది, నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

ఒక్క టేషనే బిడ్డా, ఒక్కటే టేషను
ఎక్కితే దిగుడే గని ఎట్ల నే వస్తును
పొద్దుగాల పిండాలె, పొద్దుగూకి పిండాలె
పగ్గము బర్రె మెడకు బిడ్డా, ముడి నా కాళ్లకు

ఇలాంటివి నాలుగు చరణాలు. చివరిది ఇది:

పాట గట్టినదెవ్వరంటే ఉప్పుగూడ సత్తెమ్మ
యాకుత్‌పుర అండాలు యాదికొస్తె గట్టింది

చివర్లో పేరెందుకని అడిగాను. వాళ్లలో అదే పద్ధతట. పాట కట్టినవాళ్లు ఆఖరు చరణంలో తమ పేరు పెడతారు. ఇంకెవరు పాడినా ఆ పేరు పలక్కుండా పాట ముగించడానికి లేదు. ఆమె అమ్మ కట్టిన పాటలోనూ ఆమె అమ్మ పేరుందట. రాత రానివాళ్లు చేసుకున్న సంతకం అది. అప్పుడు నాకు ముచ్చటేసింది. ఎంత బాగుందో అని మా ఆయనతో కూడా అన్నాను.

మరి ఏమైంది నాకు? ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఒక్కసారిగా దొంగనైపోలేదు. మెల్లమెల్లగా అయ్యాను.

ముందు "దిద్దాను". నాకు అదొక జబ్బు, ఆఫీసులో పైవాళ్ల నోట్సు కూడా ఎర్ర పెన్నుతో దిద్దబోయి చీవాట్లు తిన్నాను. టేషన్‌ను స్టేషన్ చేశాను. బిడ్డా అన్నది తల్లీ చేశాను. వస్తును తీసి వచ్చేది అని పెట్టాను. పాటలో బర్రె ఏం బాగుంటుందని దాన్ని గోవు చేశాను. ఆలోచించండి, ఐదు బర్రెలు కాస్తూ బతికిన మనిషి గుండెలోంచి వచ్చిన పాటలోకి, ఆమె జన్మలో ఎన్నడూ పితకని ఆవును తోలుకొచ్చాను. ఆ రోజుల్లో మా వాళ్లందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. మేం మాట్లాడేదే తెలుగు, ఇక్కడివాళ్లు మాట్లాడేది తెలుగులో తప్పు. తప్పును దిద్దినవాడికి అది సొంతమైపోతుందని కూడా లోపల ఎక్కడో అనుకునేవాళ్లమేమో. నేనైతే అనుకున్నాను. దిద్దిన కాగితం చూసుకుంటుంటే అది నా చేతిరాతలో, నా తెలుగులో, నా పాటలాగే కనిపించింది.

ఆఫీసు వార్షికోత్సవంలో పాడాను, టైము లేదని రెండు చరణాలే. ఎవరు రాశారని అడిగితే నేను జవాబు చెప్పలేదు, నవ్వానంతే. అప్పుడే చెప్పేస్తే పోయేది. పెద్దాఫీసరు భార్య ఏడ్చిందని అందరూ చెప్పుకున్నారు. ఆ వార్త ఎలా పాకిందో ఖాజా భాయ్ దాకా పోయింది. ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉండేది, పెళ్లి పాటలు, ఖవ్వాలీలు, భక్తి పాటలు అన్నీ తనే రికార్డు చేయించి అమ్మేవాడు. మంచి మనిషి. మేడమ్, అప్పగింతల పాట ఒక్కటి పడితే క్యాసెట్లన్నీ అమ్ముడుపోతాయని నన్ను ఒప్పించాడు.

రికార్డింగు రోజు పాట నిడివి ఎక్కువైందన్నాడు. ఒక చరణం తీసేయాలి, ఏది తీయాలో మీరే చెప్పండన్నాడు. నాలుగు చరణాలున్నాయి. రెండోది కొంచెం బలహీనంగా ఉండేది, దాన్ని తీసినా నష్టం లేదు. నేను ఆయన ఇంకా వినని ఆఖరుది తీసేయమన్నాను. క్షణం కూడా ఆలోచించలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆలోచించలేదా? ఆలోచించాల్సిన అవసరం లేనంతగా ముందే నిర్ణయించుకుని ఉన్నానేమో. తర్వాత అట్ట అచ్చుకు పంపుతూ రచన ఎవరని అడిగాడు. నా పేరు చెప్పాను. నోరు తడబడలేదు. అది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇంతవరకే అయితే దీన్ని దొంగతనం అంటారు. దొంగతనాన్ని ఎలాగో సర్దిచెప్పుకునేదాన్నేమో. దాని తర్వాత చేసింది వేరు.

క్యాసెట్ వచ్చిన కొన్నాళ్లకు, ఒక ఉదయం సత్తెమ్మ పాల క్యానుతో పైకొచ్చింది. గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్లాను. మొహం వెలిగిపోతోంది.

"పంతులమ్మా, నిన్న పక్క గల్లీల పెండ్లి అయింది. మైకుల నా పాట పెట్టిండ్రు. మస్తు మంచిగ పాడినవ్."

ఏదో అన్నాను, థాంక్స్ అన్నానేమో కూడా.

"గని ఆఖరుది రాలే. నా పేరున్నది."

క్యాసెట్‌లో పట్టలేదని చెప్పాను. అది సగం నిజం. ఆమె ఒప్పుకుంది. పాలు కొలుస్తూ మళ్లీ అంది.

"అట్ట మీద నీ పేరే రాసిండ్రంట గద. మా పెద్దోడు సదివిండు."

కోపంగా అనలేదు. వాళ్లు పొరపాటు పడ్డారేమో, నేను వెళ్లి చెప్పి సరిచేయించాలి, అంతే ఆమె ఉద్దేశం. అప్పుడైనా అవును, పొరపాటైంది అని ఉంటే అయిపోయేది. నేను ఆఫీసులో అర్జీలు తిప్పికొట్టే గొంతుతో మాట్లాడాను.

"సత్తెమ్మా, అది ఎప్పటి నుంచో ఉన్న పాట. మా వైపు కూడా పాడతారు. నువ్వు చిన్నప్పుడు ఎక్కడో విని ఉంటావు, మర్చిపోయి ఉంటావు. నేను తప్పులు దిద్దానంతే."

ఆమె కొలత గ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది.

"నేనే గట్టిననుకున్న."

"అలా అనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది."

"మీ దిక్కు పాటల గూడ బర్రె ఉన్నదా?"

"ఉంది."

"టేషను?"

"అదీ ఉంది."

ఆమె కళ్లలోకి చూశాను, ఎలా చూశానో తెలియదు. తర్వాత తలూపింది.

"అయితే యాడనో విన్ననేమో. సదువుకున్నదానివి, నీకెర్కుంటది."

పాలు పోసింది. రోజూ పోసినట్టే కొసరు కూడా పోసింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి కొట్టంలో ఆ పాట లేదు. అసలు ఏ పాటా లేదు. బర్రెల్ని నాలుకతో క్లిక్ మనిపించి పలకరించేది, అంతే. నేను కిటికీ దగ్గర నిలబడి వినడానికి ప్రయత్నించాను. ఎవరి పాట ఎవరిదో ఇక తనకు తెలియదని భయపడిందా? నోట్లోంచి వచ్చే ప్రతి మాటా ఎవరిదో అయ్యుంటుందని అనుమానమొచ్చిందా? ఆమె దగ్గర నేను పాట ఒక్కటే తీసుకోలేదు. పాట కట్టగలనన్న నమ్మకాన్ని తీసుకున్నాను. దాన్ని నేను వాడుకున్నదీ లేదు, నాకది అవసరమూ లేదు. ఆ తర్వాత నేనొక్క పాట కూడా రాయలేదు. నాకు రాదు కదా.

ఏడాది తిరక్కుండా సంతోష్‌నగర్‌కు ఇల్లు మారాం. ఆఫీసుకు దగ్గరని అందరికీ చెప్పాను. నిజానికి పెద్ద దగ్గరేం కాదు. అక్కడ ప్యాకెట్ పాలు వాడేవాళ్లం.

పాట మాత్రం నన్ను వదల్లేదు. బ్యాండు మేళం వాళ్లు క్లారినెట్ మీద ఎత్తుకున్నారు. యాకుత్‌పురా వైపు ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ వేసుకుని "ఏకీచ్ టేషన్ బేటీ" అని పాడటం నా చెవులతో విన్నాను. చాలా బాగా పాడారు, నాకంటే బాగా. బోనాలకు "ఒక్క బోనమే తల్లీ" అయింది. ఎన్నికలకు "ఒక్క ఓటే అన్నా" అయింది, ఆటో మీద మైకు కట్టుకుని ఇద్దరు పోటీ అభ్యర్థులూ అదే వరసలో తిరిగారు. డీజే వాళ్లు దడదడలాడించారు, ఏడవాల్సిన పాటకు బరాత్‌లో కుర్రాళ్లు గెంతారు. గిటారు పట్టుకుని కళ్లు మూసుకుని పాడిన పిల్లాడున్నాడు. టీవీ పోటీలో ఒక పిల్ల పాడితే జడ్జీలు ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారు. ఎక్కడ చూసినా గోవే. ఒక వీడియోలో హీరోయిన్ తెల్లటి ఆవు మెడ కౌగిలించుకుని ఏడుస్తుంది. అది చూసి నేను నవ్వాను. తర్వాత టీవీ కట్టేశాను.

ఈ పదేళ్లలో ఇక్కడి యాసకు మంచి రోజులొచ్చాయి. కొత్తగా పాడేవాళ్లు నా పాటను "అసలు జానపదంలోకి" మారుస్తున్నామని చెప్పుకుని గిట్ల, గట్ల అని ఎక్కడ పడితే అక్కడ దూర్చారు. ఒక్కటీ సత్తెమ్మ మాట కాదు. అసలు మాటలు నా బీరువాలో నోటుబుక్కులో ఉన్నాయి. వాళ్లు తడుముకుంటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పేవారు. ఈ పాట మీకెలా పుట్టిందండీ అని అడిగేవారు. అందుకో కథ తయారుచేసి పెట్టుకున్నాను. స్టేషన్లో ఒక తల్లి ఏడుస్తుంటే చూశానట, ఇంటికొచ్చి ఒక్క గంటలో రాసేశానట. చెప్పిన కొద్దీ ఆ కథకు కొమ్మలొచ్చాయి. మొదట్లో తల్లి ఒక్కతే ఉండేది. తర్వాత వాన వచ్చింది. ఆఖరికి ఆ తల్లి నాకు చేతులెత్తి దణ్ణం పెట్టడం కూడా చేర్చాను.

సత్తెమ్మ పోయిందని ఎనిమిదేళ్ల కిందట తెలిసింది. వెళ్లలేదు. మోకాలు నొప్పి అనుకున్నాను.

మొన్న వేసవిలో ఒకాయన ఫోన్ చేశాడు. పాటల చరిత్ర మీద ఇంటర్నెట్‌లో వీడియోలు చేస్తాడట. ఈ పాట ఎన్ని రకాలుగా మారిందో మొత్తం వరసగా పెట్టాడు, మొదటి క్యాసెట్ కూడా సంపాదించాడు. చాలా శ్రద్ధగల మనిషి. అసలు మనిషి నోట అసలు కథ చెప్పించి వీడియో మొదలుపెట్టాలని ఆయన కోరిక. పాట పుట్టిన చోటే తీద్దామని నన్ను ఉప్పుగూడ స్టేషనుకు తీసుకెళ్లాడు. కెమెరా పెట్టి, ఆ తల్లి ఎక్కడ కూర్చుందో చూపించమన్నాడు.

లేని మనిషి ఎక్కడ కూర్చుందని చూపించను? ఏదో ఒక బెంచీ చూపించాను. ఆయన దాన్ని నాలుగు వైపుల నుంచీ తీశాడు. తర్వాత రైలెక్కి పక్క స్టేషన్‌లో దిగితే బాగుంటుందన్నాడు. ఎక్కాం. కూర్చున్నాను. చేతిసంచి ఒళ్లో సర్దుకునేలోపే యాకుత్‌పురా వచ్చింది. అన్నేళ్లు ఆ పాట పాడాను గానీ, ఆ ఒక్క స్టేషను దూరం ఎంతో ఎప్పుడూ రైలెక్కి చూడలేదు. ఇంతేనా అనుకున్నాను. ఇంత దూరానికే ఆమె అన్నాళ్లు ఏడ్చిందా? దిగి ప్లాట్‌ఫారం మీద స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆయన మోకాలి నొప్పి అనుకుని కుర్చీ తెచ్చాడు. మిగతాది ఇంకోరోజు తీద్దామన్నాను.

రెండు రోజుల తర్వాత ఒంటరిగా వెళ్లాను. ముందు ఉప్పుగూడ. కొట్టం లేదు, అక్కడ మూడంతస్తుల ఇల్లు లేచింది. సత్తెమ్మ పెద్దకొడుకు కింద చిన్న దుకాణంలో పెరుగు, పనీర్ అమ్ముతున్నాడు. చెల్లెలి అడ్రసు చెప్పాడు. యాకుత్‌పురా స్టేషను వెనక సందులో, బ్లౌజులు కుడుతుందన్నాడు.

అండాలుకు యాభై దాటి ఉంటుంది. మిషను మీంచి తలెత్తి చూసింది, కళ్లజోడు తీసి చూసింది, గుర్తుపట్టింది. నన్ను చూసినందుకు ఎంత సంతోషపడిందో చెప్పలేను. కోడలితో చాయ్ పెట్టించింది. తన బిడ్డ పెళ్లిలో నా పాటే పెట్టించిందట, పాట మొదలుకాగానే ఏడుపు ఆగలేదట. నేను వాళ్లింటి పాలే తాగానని వాళ్లమ్మ అందరికీ గొప్పగా చెప్పుకునేదట. ఆ పాట పూర్వంలో యాడనో ఉండేదట, పంతులమ్మ బాగుచేసిందట, వాళ్లమ్మ కూడా చిన్నప్పుడు విన్నదట. ఇదంతా సత్తెమ్మే కూతురికి చెప్పింది. నా అబద్ధాన్ని తన నోటితో, ప్రేమగా.

చాయ్ చేతిలో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. కిటికీ, కొట్టం, వారాల తరబడి మాటలు మార్చుకోవడం, గడప మీద కూర్చుని పాడటం. నేను దిద్దింది, కోసేసింది, అట్ట మీద పేరు. ఆ రోజు గుమ్మంలో ఆమెతో అన్నది కూడా ఒక్క మాట వదలకుండా చెప్పాను. నోటుబుక్కులోంచి చింపి తెచ్చిన కాగితం తీసి ఆఖరు చరణం చదివాను. పాడలేదు.

అండాలు మళ్లీ చదవమంది. చదివాను. కాగితం తీసుకుని తన పేరున్న చోట వేలు పెట్టి మూడోసారి తనే చదువుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా, నన్ను చూడకుండా చెప్పుకుపోయింది. తనకు టైఫాయిడ్ వచ్చి నెల పడుకుంటే అమ్మ ఒక్క పూట కూడా ఉండలేదు. కాన్పులప్పుడు వచ్చినా పాల వేళకు లేచిపోయింది. అమ్మకు తనకంటే బర్రెలే ఎక్కువని ఆమె నమ్మింది. ఆఖర్న సత్తెమ్మ దవాఖానలో ఉన్నప్పుడు ఆ మాట మొహం మీదే అంది, నీకు నీ బర్రెలే బిడ్డలు అని. సత్తెమ్మ మొహం గోడ వైపు తిప్పుకుందట. నాలుగు రోజులకు పోయింది.

మిషను మీదున్న బట్ట మడత పెట్టి, అండాలు నన్ను అడిగింది.

"నా కోసం పాట గట్టిందన్న ముచ్చట ఒక్కపారి చెప్పొచ్చు గద. ఎందుకు చెప్పలే మా అమ్మ?"

ఆమెకు జవాబు తెలుసు, అప్పుడే చెప్పాను కదా. అయినా నా నోటితో మళ్లీ వినాలనుకుంది. పాట తనది కాదని నేను నమ్మించాను అన్నాను. తనది కానిది నీ కోసం కట్టానని ఎలా చెబుతుంది అన్నాను. క్షమించమని అడగబోయాను. అండాలు చెయ్యెత్తి ఆపింది.

"కాయితం ఈడ పెట్టి పో పంతులమ్మా."

పెట్టి వచ్చేశాను. చాయ్ తాగలేదు.

వీడియో ఆయనకు ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఎడిటింగు దాదాపు అయిపోయింది మేడమ్, చూద్దాం అన్నాడు. ఏం చూస్తాడో తెలియదు. అండాలు నుంచి ఏ కబురూ లేదు. వస్తుందని అనుకోవడం లేదు. మళ్లీ వెళ్లను, ఆమె పొమ్మంది కనుక.

నా పేరు ఇక్కడ రాయలేదు. ఈ పాట పక్కన దాన్ని ఇప్పటికే చాలాసార్లు రాశారు. పాటను సత్తెమ్మ కట్టింది, బర్రెలు కాసుకుంటూ కట్టింది, కూతురి దగ్గరికి వెళ్లలేక కట్టింది. నేను అది ఆమెది కాదని ఆమెనే నమ్మించాను. రాసేశాక ఒంట్లో తేలికగా ఉంది. అండాలుకు అక్కడ తేలికగా లేదని తెలుసు. అయినా నాకు తేలికగా ఉంది, అది కూడా ఒప్పుకుంటున్నాను.